నెత్తి బిగువా, నెత్తి బరువా?

అడిగినవారు: క్యాన్సర్ మెదడు పొరలకు పాకి, తలలో ఒత్తిడి పెరిగినవారి ఇంటివాళ్ల కోసం కరపత్రం రాస్తున్నాను. శరీరశాస్త్రం మాస్టారు కట్టి చెప్పిన ఆటవెలదిలో ఒక్క పాదమే గుర్తుంది: ‘నీర మింకకున్న నెత్తి బిగువు’. బిగువేనా, బరువా? రెండు రోజులుగా నలుగుతోంది.

పద్యప్రియ: నీ–నె యతి కుదిరింది. చివరి మాట ఏదైనా మూడు లఘువులే, ఛందస్సు తేల్చదు. నా ఓటు బరువుకే. తల బరువుగా ఉందనే కదా అంటాం.

వార్డు నర్సు: జలుబు చేసినా అదే అంటామండీ, అందుకే వద్దు. మెదడు చుట్టూ ఉండే నీరు పెద్దవాళ్లలో రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు ఊరుతుంది, నిలవ ఉండేది 150 దాకానే. మిగతాది ఇంకిపోవాలి. మెదడు పొరల్లో ఒకటైన లౌతికళ దగ్గర క్యాన్సర్ కణాలు ఆ దారి మూసేస్తే, పుర్రె సాగదు కాబట్టి లోపల బిగుస్తుంది. పడుకుంటే నొప్పి ఎక్కువ, పొద్దున్నే వాంతి. ఒకాయన మంచం తలవైపు ఎత్తమనేవారు. మనుషులు రెండుగా కనబడుతున్నారని ఒక కన్ను మూసుకుని మాట్లాడేవారు. అది బరువు కాదు.

శబ్దాన్వేషి: లౌతికళలో లూత అంటే సాలీడు. కళ అంటే పొర, సుశ్రుతుడి సప్తకళల్లోని కళే. అసలు చిక్కు నెత్తితో. అది తల పైభాగం, లోపలిది కాదు. యతి కోసం పెట్టి ఉంటారు.

వేమన అభిమాని: అన్నీ సూర్యగణాలే, కాబట్టి ఇది రెండో పాదమో నాలుగోదో. వేమన బాటలో కట్టి ఉంటే నాలుగోది మకుటం, కనుక ఇది రెండోదే. అప్పుడు మూడో పాదంలో పోలిక ఉండాలి. వేమనకు ప్రాణమంతా అక్కడే! పోలిక తిత్తి అయితే బిగువు, మూట అయితే బరువు.

పద్యప్రియ: నన్నయ నాటి నుంచీ మకుటం లేని ఆటవెలదులున్నాయి. నాలుగోదే కావచ్చు.

అడిగినవారు: పోలిక గుర్తు రావడం లేదు. ‘ఒత్తిడి’ అని మాత్రం రాయను. ఇంటివాళ్లు టెన్షన్ అనుకుని ‘ఏమీ ఆలోచించకు’ అంటున్నారు.

వార్డు నర్సు: ‘పుర్రె లోపలి నీటి ఒత్తిడి’ అని పూర్తిగా రాయండి. స్కాన్‌లో మెదడు గదులు మామూలుగా కనిపించినా అది పెరిగి ఉండొచ్చనీ, డాక్టర్లు నడుములో సూదితో కొంత నీరు తీసినా, షంట్ (నీటిని బయటికి మళ్లించే సన్నని గొట్టం) వేసినా చాలామందికి తలనొప్పి తగ్గుతుందనీ చేర్చండి. ఆ మాట వాళ్లకు కావాలి.

వేమన అభిమాని: మూడో పాదం ‘తిత్తి’తోనే మొదలైందేమో, ఒకసారి పైకి చదివి చూడండి.