స్క్రాప్‌బుక్ పేజీలతోపాటు ట్యాగులు, బ్రష్షులు కూడా భద్రపరచడం ఎలా?

ప్రశ్న (అమలాపురం దగ్గరి లంక గ్రామం):
ప్రభల తీర్థం, అమ్మాయి పెళ్లి ఫొటోలతో ఫొటోషాప్ ఎలిమెంట్స్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో స్క్రాప్‌బుక్ పేజీలు కూరుస్తున్నాను. గోదావరికి వరద హెచ్చరిక వస్తే పడవలో కంప్యూటరు తీసుకువెళ్లడం కుదరదు కనుక, అంతా ఒక బయటి డిస్కులోకి ఎక్కించాలనుకుంటున్నాను. పేజీల ఫోల్డరు కాపీ చేస్తే సరిపోతుందా?

జవాబు (భీమవరం):
సరిపోదండీ. ఫొటోలకు మీరు పెట్టిన ట్యాగులు (గుర్తింపు పేర్లు), ఆల్బముల వివరాలు ఆర్గనైజరు (ఎలిమెంట్స్‌లో ఫొటోలను సర్ది చూపే భాగం) కేటలాగులో, అంటే దాని వివరాల జాబితాలో ఉంటాయి. ఫైల్ మెనూలోని ‘బ్యాకప్ కేటలాగ్’ వాడితే కేటలాగుతోపాటు అందులో చేర్చిన ఫొటోలు కూడా డిస్కులోకి వెళతాయి. అయితే ఆ ఫోల్డరు తెరిచి చూసి కంగారు పడకండి. ఫైళ్ల పేర్లన్నీ ‘బీ’ అక్షరం, దాని వెంట సున్నాలు, అంకెలుగా మారిపోయి ఉంటాయి. ‘రీస్టోర్ కేటలాగ్’ ద్వారా వెనక్కి తెచ్చినప్పుడే అసలు పేర్లు తిరిగి వస్తాయి.

జవాబు (రాజమహేంద్రవరం):
కేటలాగు బ్యాకప్‌లో బ్రష్షులు, ఫాంట్లు రావు. బ్రష్షులను (పేజీపై గీతలు, అచ్చులు వేసే పనిముట్లను) ఏబీఆర్ ఫైళ్లుగా, అంటే బ్రష్షుల కోసమే ఉన్న ఫైళ్లుగా సేవ్ చేసుకోండి. తెలుగు ఫాంట్లను మాత్రం తప్పక విడిగా దాచండి. కొత్త కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే, పేజీలోని అక్షరాలను సవరించబోయినప్పుడు వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది, వత్తులు, గుణింతాలు చెదిరిపోవచ్చు.

జవాబు (తణుకు):
డిస్కు ఫార్మాటు (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) కూడా చూసుకోండి. ఎఫ్‌ఏటీ32 అనే పాత ఫార్మాటు అయితే 4 జీబీ, అంతకు మించిన ఫైలు ఎక్కదు, పెళ్లి వీడియోలు అక్కడే ఆగిపోతాయి. రెండో కాపీని గట్టు మీది ఊళ్లో బంధువుల ఇంట ఉంచితే మేలు. ఒకే ఇంట్లో రెండు డిస్కులు పెట్టడం నా దృష్టిలో బ్యాకప్ కాదు.