జూనియర్ నుంచి నేరుగా వరల్డ్‌టూర్‌కి: అండర్-23 ఎగ్గొట్టడం మంచిదేనా?

ఏటవాలు
బెల్జియం సైక్లిస్టు రెమ్కో ఎవెనెపూల్ 2019లో జూనియర్ల (17-18 ఏళ్లవాళ్ల) నుంచి, మధ్యలో అండర్-23 మెట్టు ఎక్కకుండా, నేరుగా వరల్డ్‌టూర్ (సైకిల్ రేసుల్లో అగ్రస్థాయి) జట్టులోకి వచ్చాడు. అదే ఏడు, 19 ఏళ్లకే, స్పెయిన్‌లో జరిగే ఒకరోజు రేసు శాన్ సెబాస్టియన్ క్లాసిక్ కొట్టాడు. ఇక అప్పట్నుంచి జట్లన్నీ 18 ఏళ్ల కుర్రాళ్ల వెంటపడుతున్నాయి. ఎక్కువమందికి ఇది నష్టమేనని నా వాదన. జూనియర్ రేసు 120-140 కిలోమీటర్లలో అయిపోతుంది, పెద్దవాళ్ల ఒకరోజు రేసు మిలాన్-శాన్ రెమో దాదాపు 300. తాజాగా ఉన్నప్పుడు ఎన్ని వాట్ల శక్తితో తొక్కుతాడన్నది ఇక్కడ పనికిరాదు. ఐదు గంటలు తొక్కాక చివరి గుట్ట మీద కాళ్లలో ఎంత మిగిలిందో చూడాలి. ఆ దమ్ము 19-22 ఏళ్ల మధ్య మెల్లగా పెరగాల్సిందే.

చైన్‌రింగ్54
ఏటవాలు గారూ, మీరు పాత జూనియర్లను దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నారు. 2022 దాకా వాళ్లకు గేర్ పరిమితి ఉండేది: పెడల్ ఒక చుట్టుకు 7.93 మీటర్లు, అంటే 52×14 (ముందు చక్రానికి 52 పళ్లు, వెనక 14). నిమిషానికి 110 చుట్లు తిప్పినా గంటకు 52 కిలోమీటర్లే. 2023 నుంచి యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) దాన్ని ఎత్తేసింది. ఇప్పటి కుర్రాడు 54×11 తొక్కుతూ, పవర్ మీటర్‌లో తన వాట్లు చూసుకుంటూ, గంటకు 90 గ్రాముల కార్బ్స్ అరిగించుకునే అలవాటుతో వస్తున్నాడు. హువాన్ అయూసో 19 ఏళ్లకే 2022 వుయెల్టాలో (స్పెయిన్‌లో మూడు వారాల రేసు) మూడో స్థానంలో నిలిచాడు కదా!

ఏటవాలు
అయూసో 2021లో ఇటలీ టూర్ అయిన జిరోకి అండర్-23 రేసు గెలిచాకే పైకి వచ్చాడండీ. ఇప్పటి స్టార్ పొగాచర్ కూడా అంతే: 2018లో అండర్-23 వాళ్ల టూర్ డ లవెనీర్ గెలిచి, 2019లో వరల్డ్‌టూర్‌లో అడుగుపెట్టాడు. ఇద్దరూ నా పక్షమే! పైగా 18 ఏళ్లవాడికి పెద్ద జట్టులో దొరికే పని ఏంటి? జెర్సీలో ఏడెనిమిది సీసాలు కుక్కుకుని జట్టు కారు నుంచి గుంపు ముందుకు చేర్చడం, గాలికి అడ్డంగా ఉండి లీడర్‌ని కాపాడటం. గుట్ట మొదలయ్యేసరికి వాడి పని అయిపోతుంది. ఎప్పుడు దాడి చేయాలి, ఎవరి చక్రం వెనకే అంటుకుని వెళ్లాలి అన్నది సీసాలు మోస్తే రాదు.

రెండోసీజన్
అసలు చిక్కు కాంట్రాక్టులో ఉంది. కొత్తగా ప్రొ (జీతం తీసుకునే ప్రొఫెషనల్) అయిన యువ రైడర్‌కి కనీసం రెండేళ్ల ఒప్పందం ఇవ్వాలని నియమం. రెండేళ్లని పేరేగానీ, జట్ల బదిలీలు ఆగస్టు 1న మొదలవుతాయి కాబట్టి రెండో వేసవికే లెక్క తేలిపోతుంది. మొదటి ఏడు నేర్చుకోవడంతో సరి. రెండో వసంతంలో కాలర్ బోన్ విరిగితే చూపించడానికి ఫలితాలే ఉండవు. ఇరవై ఏళ్లకే ‘పనికిరాడు’ అనిపించుకున్నవాణ్ణి మళ్లీ తీసుకునే జట్లు తక్కువ. ఏజెంట్లు ఇది చెప్పరు, వాళ్ల కమిషన్ సంతకం మీద వస్తుంది మరి. మూడేళ్లకు తక్కువైతే ఒప్పుకోకూడదు.

టెంపో
ఇద్దరి వాదనకూ పాల్ సెక్సాస్ అడ్డొస్తాడు. 2025లో జూనియర్ల నుంచి నేరుగా డెకత్లాన్ వరల్డ్‌టూర్ జట్టులో చేరాడు, అదే ఏడు అండర్-23 రేసైన టూర్ డ లవెనీర్‌కి వెళ్లి గెలిచాడు. అంటే ఏ జట్టు జెర్సీ అన్నది కాదు, క్యాలెండర్ ఎవరు రాస్తున్నారన్నది చూడండి. ముదిరిన ప్రొ ఏడాదికి 60-80 రోజులు రేసు చేస్తాడు. 18 ఏళ్లవాడికి 40 చాలు, అందులో సగం తనే గెలవడానికి ప్రయత్నించగల చిన్న రేసులు ఉండాలి. మూడు వారాల టూర్ మొదటి ఏడు వద్దే వద్దు.

ఇంకోటి, బరువు. వారానికి 12-15 గంటల నుంచి ఒక్కసారిగా 25కి పెంచి, కొండలెక్కాలని తిండి తగ్గిస్తే హార్మోన్లు పడిపోతాయి. సైకిల్ మీద ఎముకలకు బరువు పడదు కాబట్టి అవి అసలే పల్చగా ఉంటాయి, ఇది తోడైతే చిన్నగా పడినా విరుగుతాయి. శిక్షణ గంటలు ఏడాదికి 10-15 శాతం మించి పెంచకూడదు, చలికాలంలో వారానికి రెండుసార్లు బరువులెత్తాలి.

చైన్‌రింగ్54
క్యాలెండర్ మాట ఒప్పుకుంటా. కానీ జట్టులో నలుగురు గాయపడిన వారం మీ 40 రోజుల లెక్క ఎవరు పాటిస్తారు? మేనేజర్ ముందు ఫోన్ చేసేది ఆ కుర్రాడికే.

రెండోసీజన్
అందుకే నోటి మాట సరిపోదు. రేసు రోజుల గరిష్ఠ సంఖ్య ఒప్పందానికి అనుబంధంగా రాయించుకోవాలి. రాయడానికి ఒప్పుకోని జట్టైతే, కుర్రాళ్లను తయారుచేసే వాళ్ల డెవలప్‌మెంట్ జట్టులో (అండర్-23 రేసులు ఆడేది) ఒక ఏడు అడగడమే మేలు.

ఏటవాలు
అదేగా నేను మొదట్నుంచీ అంటున్నది! పేరు మార్చి అండర్-23కే వచ్చారు.