7 శాతం బ్యాంకు ఎఫ్‌డీకి ఎక్కువ, 7.5 శాతం పోస్టాఫీసు టీడీకి తక్కువ: ఈ లెక్క ఎలా?

తుని_పొదుపు

5 లక్షలు ఒకేసారి 5 ఏళ్లకు వేయాలి. మధ్యలో వడ్డీ అక్కర్లేదు, చివర్లో అంతా ఒకేసారి చేతికొస్తే చాలు. బ్యాంకులో 7 శాతం అన్నారు, మెచ్యూరిటీకి 7,07,389 అని కాగితం మీద రాసిచ్చారు. అదే కాగితంలో ఓ మూల "యీల్డ్ 8.30 శాతం" అని ఉంది. పోస్టాఫీసు 5 ఏళ్ల టైం డిపాజిట్‌కి (టీడీ) 7.5 శాతం, కానీ అక్కడ మొత్తం 6,92,840 అంటున్నారు. ఇక 7 శాతం చొప్పున ఏటా కలుపుకుంటూ పోతే నాకు 7,01,276 వస్తోంది. ఈ అంకెలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవట్లేదు? ఏది నమ్మాలి?

మూణ్ణెల్లకోసారి

మూడూ సరైన అంకెలేనండి. తేడా అంతా వడ్డీని ఎప్పుడు అసలులో కలుపుతారు, కలుపుతారా కలపరా అన్నదాంట్లో ఉంది.

మన బ్యాంకులు క్యుములేటివ్ ఎఫ్‌డీకి, అంటే వడ్డీ అంతా చివర్లో అసలుతో కలిపి ఇచ్చే రకానికి, మూడు నెలలకోసారి వడ్డీ లెక్కగట్టి అసలులో కలుపుతాయి. ఏడాదికి 7 అంటే మూణ్ణెల్లకు 1.75 శాతం. మొదటి మూణ్ణెల్లకు 8,750 పడుతుంది, అసలు 5,08,750 అవుతుంది. తర్వాతి మూణ్ణెల్లకు దాని మీద 8,903. మూడోసారి 9,059, నాలుగోసారి 9,217. ఏడాది తిరిగేసరికి 5,35,930. అంటే నిజంగా పడింది 7 కాదు, 7.19 శాతం. ఇలా 20 సార్లు తిరిగితే 7,07,389. చివరి మూణ్ణెల్ల వడ్డీ ఒక్కటే 12,166. మొదటిసారి వచ్చిన 8,750తో పోల్చి చూడండి, చక్రవడ్డీ పని చేసేదంతా చివరి ఏళ్లలోనే.

ఎక్సెల్లో అయితే ఒక గడిలో ఇలా కొట్టండి:

=500000*(1+0.07/4)^(4*5)

ఇక్కడ తరచూ జరిగే పొరపాట్లు: 0.07 బదులు 7 కొట్టడం, రేటును 4తో భాగించి ఘాతం మాత్రం 5 గానే ఉంచడం. రేటును నాలుగుతో భాగిస్తే ఏళ్లను నాలుగుతో గుణించాల్సిందే. మీ 7,01,276 ఏడాదికోసారి కలిపిన లెక్క, అందుకే 6,113 తక్కువ. బారు వడ్డీ అయితే 6,75,000 దగ్గర ఆగిపోయేది.

ఆ "8.30 యీల్డ్"ని పట్టించుకోకండి. మొత్తం వడ్డీ 2,07,389ని 5 లక్షలతో, ఆపైన 5 ఏళ్లతో భాగిస్తే 8.30 వస్తుంది. అది సగటు బారు వడ్డీ. ఇంకో చోటి 7.5తో దాన్ని పోల్చితే బోల్తా పడతారు. ఇదే ఎఫ్‌డీని 10 ఏళ్లకు వేస్తే 10,00,798 వస్తుంది, "యీల్డ్" 10 శాతం దాటుతుంది. రేటు మాత్రం అదే 7.

నెలనెలా వడ్డీ తీసుకునే రకం ఎంచుకుంటే ఇందులో ఏదీ వర్తించదు. అక్కడ నెలకు 2,917 కాకుండా సుమారు 2,900 ఇస్తారు. మూణ్ణెల్లకు రావాల్సింది ముందే ఇస్తున్నారు కాబట్టి ఆ మేరకు కోత.

పాస్‌బుక్_పేజీ

పోస్టాఫీసు సంగతి కొంచెం వేరు. టీడీకి వడ్డీని మూణ్ణెల్లకోసారి చక్రవడ్డీగానే లెక్కగడతారు కానీ ఏడాదికోసారి బయటికి ఇచ్చేస్తారు, అసలులో కలపరు. 7.5 శాతానికి 10,000 మీద ఏడాదికి 771. మీ 5 లక్షల మీద 38,568, ఐదేళ్లూ అదే అంకె. ఆ డబ్బు తీసుకోకుండా వదిలేస్తే దాని మీద పైసా వడ్డీ రాదు. మీ 6,92,840 అలా వచ్చిందే.

కాబట్టి టీడీ వేసేవాళ్లు వడ్డీ పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో పడేలా దరఖాస్తు ఇవ్వాలి. చాలామంది ఈ ఒక్క సంతకం చేయరు. సేవింగ్స్‌లో 4 శాతమే అయినా ఐదేళ్లకు కలిపి సుమారు 7,08,900 అవుతుంది, అంటే మీ బ్యాంకు ఎఫ్‌డీని ఓ 1,500 దాటుతుంది.

కానీ మీకు మధ్యలో డబ్బు అక్కర్లేదంటున్నారు కాబట్టి టీడీ కంటే పోస్టాఫీసులోనే దొరికే ఎన్‌ఎస్‌సీ (నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్) చూడండి. 2023 ఏప్రిల్ నుంచి 7.7 శాతం. కలిపేది ఏడాదికోసారే అయినా వడ్డీ బయటికి రాదు, లోపలే తిరుగుతుంది. 10,000కి 14,490, మీ 5 లక్షలకు 7,24,500 పైచిలుకు. కొన్న రోజు ఏ రేటు ఉంటే ఐదేళ్లూ అదే, కనుక కొనే ముందు అప్పటి రేటు కౌంటర్లో కనుక్కోండి. మెచ్యూరిటీకి టీడీఎస్ (డబ్బు ఇచ్చేముందే పట్టుకునే పన్ను) కోత ఉండదు, పన్ను ఉంటుంది. మధ్యలో తీయడం మాత్రం కుదరదు, ఖాతాదారు మరణం, కోర్టు ఉత్తర్వు లాంటి సందర్భాల్లో తప్ప. 5 ఏళ్ల టీడీ కూడా ఇప్పుడు 4 ఏళ్లలోపు మూయనివ్వరు.

తుని_పొదుపు

ఎన్‌ఎస్‌సీ విషయం తెలియదు, థాంక్సండి. రెండు సందేహాలు. మూడేళ్ల తర్వాత అవసరం పడి బ్యాంకు ఎఫ్‌డీ తీసేస్తే 1 శాతమే కోత అంటున్నారు, నిజమేనా? ఇంట్లోవాళ్లేమో బయట రూపాయి వడ్డీకి ఇస్తే ఇంతకంటే మేలు కదా అంటున్నారు.

మూణ్ణెల్లకోసారి

"1 శాతమే" అన్నమాట సగమే నిజం. ముందు మీ 7 శాతం పోతుంది. మీరు వేసిన రోజున 3 ఏళ్లకు ఏ రేటు ఉందో అది తీసుకుని, అందులోంచి 1 తగ్గిస్తారు. ఆ రోజు 3 ఏళ్ల రేటు 6.5 అనుకుంటే మీకు మొదటిరోజు నుంచీ 5.5 మాత్రమే. మూడేళ్లకు 6,15,720 ఉండాల్సింది 5,89,034 చేతికొస్తుంది, 26,686 తేడా. కొన్ని బ్యాంకులు అర శాతమే కోస్తాయి, వేసే ముందు అడగండి.

అందుకే 5 లక్షలకు ఒకే బాండు తీసుకోకండి. లక్ష చొప్పున ఐదు వేయండి, వడ్డీలో తేడా రాదు, అవసరానికి ఒకటే తీసుకోవచ్చు. కొద్ది నెలల అవసరమైతే ఎఫ్‌డీ మీద అప్పు తీసుకోవడం నయం, ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ పడుతుంది అంతే. పన్ను మినహాయింపు కోసం వేసే 5 ఏళ్ల ఎఫ్‌డీకి ఇవేవీ పనికిరావు, దాన్ని తీయనివ్వరు, దాని మీద అప్పూ ఇవ్వరు.

టీడీఎస్ గురించి అడగలేదు కానీ చెప్పాలి. 2025-26 నుంచి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే 10 శాతం పట్టుకుంటారు, సీనియర్ సిటిజన్లకు లక్ష దాటితే. మీ ఎఫ్‌డీకి ఐదో ఏట కూడా 47,424 వడ్డీయే కాబట్టి ఇదొక్కటే ఉంటే కోత పడదు. అదే 10 లక్షలు వేస్తే మొదటి ఏడే 71,859 వడ్డీ, కోత మొదలు. పట్టుకున్న డబ్బు ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ పాన్ పేరిట ఉండే లెక్కలో కనిపిస్తుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. కానీ ఆ డబ్బు మీద ఎఫ్‌డీలో వచ్చే వడ్డీ మాత్రం రాదు. 10 లక్షలకు ఐదేళ్లలో అలా పోయేది సుమారు 7,100. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. పన్ను పడే ఆదాయం లేనివాళ్లు టీడీఎస్ వద్దని ఏటా ఏప్రిల్‌లోనే ఫారం ఇచ్చేయాలి. వడ్డీ చేతికి రాకపోయినా క్యుములేటివ్ ఎఫ్‌డీకి ఏ ఏటి వడ్డీ ఆ ఏడు చూపించడం మంచిది. చివర్లో ఒకేసారి చూపిస్తే రెండు లక్షలు ఒకే ఏట పడి పన్ను స్లాబు మారిపోవచ్చు.

నోటు_రాత

రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. బ్యాంకు 7 శాతం ఈ లెక్కలో 58 పైసలు. 5 లక్షలు బారు వడ్డీకి ఐదేళ్లు తిప్పితే 8 లక్షలు. ప్రోనోటు మూడేళ్లకు కాలదోషం పడుతుంది కాబట్టి ఆలోపు తిరగరాయించాలి. అప్పుడు వడ్డీ కూడా అసలులో కలిపి 6,80,000కి కొత్త నోటు రాస్తే చివరికి 8,43,200. కాగితం మీద బాగుంది. తీసుకున్నవాడు మూడో ఏట చేతులెత్తేస్తే మీ చేతిలో ఉండేది నోటూ, కోర్టు ఖర్చూ. బ్యాంకులో 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది, సహకార బ్యాంకులకూ వర్తిస్తుంది, పరపతి సంఘాలకు వర్తించదు.

ఆ 5 లక్షల్లో వడ్డీ కూడా కలిసే ఉంటుందని మరవకండి. చిన్న బ్యాంకులో వేస్తుంటే 3,53,000 దగ్గర ఆపితే 7 శాతానికి ఐదేళ్ల వడ్డీతో కలిపి 5 లక్షల లోపే ఉంటుంది.

పాస్‌బుక్_పేజీ

ఎఫ్‌డీ ఫారంలో మెచ్యూరిటీ తర్వాత ఏం చేయాలో రాసే గడి ఒకటుంటుంది, ఖాళీగా వదలకండి. ఆటో రెన్యువల్ అని టిక్కు పెడితే ఆ రోజు రేటుకి మళ్లీ ఐదేళ్లకు వెళ్లిపోతుంది. ఏమీ రాయకుండా గడువు దాటి పడి ఉంటే సేవింగ్స్ వడ్డీ, పాత ఎఫ్‌డీ రేటు, రెండింట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. సేవింగ్స్ ఖాతాకి జమ చేయమని రాయించి, నామినీ పేరు బాండు మీద పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.