ట్రాన్స్‌జెండర్ ధ్రువపత్రాలపై నమూనా నివేదిక: లెక్కల దగ్గర సలహా కావాలి

ఎల్‌జీబీటీ హక్కుల సంస్థల్లో పరిశోధన ఉద్యోగాలకు జతచేయడానికి నాలుగు పేజీల నివేదిక రాస్తున్నాను. అంశం: 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల (హక్కుల పరిరక్షణ) చట్టం కింద తెలంగాణ జిల్లాల్లో ట్రాన్స్‌జెండర్ ధ్రువపత్రాల జారీ. దరఖాస్తు అందాక ధ్రువపత్రం ఇవ్వడానికి 2020 నిబంధనలు 30 రోజుల గడువు పెట్టాయి.

కలెక్టరేట్లకు సమాచార హక్కు దరఖాస్తులో అంకెలే అడుగుతున్నాను: వచ్చినవి, ఇచ్చినవి, తిరస్కరించినవి, గడువు దాటినవి. "ఆలస్యం ఎందుకు" అంటే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. పేర్లున్న కాపీలడిగితే వ్యక్తిగతమంటారు, అదీ న్యాయమే.

అసలు చిక్కు, ట్రాన్స్‌జెండర్ జనాభాలో ఎంతమందికి ధ్రువపత్రం అందిందో శాతం కట్టడంలో. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 'ఇతరులు' (స్త్రీ, పురుష గడులు కాక మూడో గడి) 43,769. అందులో ఆరేళ్లలోపు పిల్లలూ కలిశారు, ట్రాన్స్ స్త్రీ పురుషుల్లో చాలామంది వేరే గడిలో నమోదై ఉంటారు. ఈ అంకెను భాగహారానికి వాడటం నాకు తప్పుగానే తోస్తోంది. మీరైతే శాతాలు వదిలేసి, వచ్చిన దరఖాస్తుల్లో గడువులోపు తేలినవెన్నో మాత్రమే చూపిస్తారా?

రెండోది, రెండు మూడు దరఖాస్తులే వచ్చిన జిల్లాలో మనిషిని ఇట్టే గుర్తుపట్టేస్తారు. "5 కంటే తక్కువ" అని రాస్తే చాలా, పక్క జిల్లాతో కలిపేయాలా?

2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసిన పాత నిజాం కాలపు యూనక్స్ (హిజ్రాల) చట్టం గురించి ఒక పేరా పెట్టాను. నియామకాలు చూసేవాళ్లు అలాంటి నేపథ్యం చదువుతారా, లేక నేరుగా సిఫార్సులకే వెళ్తారా?