కూల్‌డ్రింక్ బాటిళ్ల ఫిలమెంటుతో మగ్గం కండెలు: పొరలు ఎందుకు ఊడుతున్నాయి?

బరంపురం_కండె:
నమస్కారం అందరికీ. పట్టు మగ్గాలకు కండెలు (పోగు చుట్టే పుల్లలు) త్రీడీ ప్రింటర్ మీద తీస్తున్నాం. కొన్న ఫిలమెంటు (ప్రింటరు కరిగించి వాడే ప్లాస్టిక్ తీగ) ఖరీదు గిట్టుబాటు కాక 2 లీటర్ల కూల్‌డ్రింక్ బాటిళ్లను రిబ్బనుగా కోసి, వేడి నాజిల్‌లోంచి లాగి మేమే ఫిలమెంటు చేస్తున్నాం. పాత ప్రింటరు హీటర్ బ్లాకు, 1.7 మి.మీ. డ్రిల్లు వేసిన ఇత్తడి నాజిల్, 215 డిగ్రీలు, లాగడానికి 12 వోల్టుల గేరు మోటారు. రిబ్బను వెడల్పు 6 మి.మీ. ప్రింటింగ్ 245 డిగ్రీల్లో, బెడ్ (ప్రింటు నిలిచే పలక) 70, ఫ్యాను ఫుల్.

ప్రింటు నడుస్తుంటే నాజిల్ దగ్గర చిటపట. గోడల్లో సన్నటి సందులు. రెండు చేతులతో వంచితే కండె పొర దగ్గర టప్పున విరుగుతోంది. వేడి పెంచుదామంటే హాట్‌ఎండ్ (తీగను కరిగించే భాగం) లోపలి తెల్ల ట్యూబు పాడవుతుందంటున్నారు. ఇంకోటి, కబాడీ కొట్టు నుంచి మూతలు కూడా బస్తాడు వచ్చాయి. వాటినీ ఇందులో కలిపేయొచ్చా?

రాయగడ_లేతు:
వేడి సంగతి తర్వాత, ముందు రిబ్బను లెక్క చూడండి. 1.75 మి.మీ. నిండు ఫిలమెంటు అడ్డకోత 2.4 చదరపు మి.మీ. మీ రిబ్బను 6 మి.మీ., బాటిల్ గోడ మందం 0.3 అనుకుంటే 1.8 మాత్రమే. అంటే పావు వంతు ప్లాస్టిక్కే లేదు. నాజిల్ రిబ్బనును గుండ్రంగా చుడుతుంది తప్ప కరిగించి పోత పోయదు కదా, అందుకని వెర్నియర్ పెడితే 1.7 చూపిస్తుంది, లోపలేమో బోలు. స్లైసరు (బొమ్మను పొరలుగా కోసి ప్రింటరుకు ఆదేశాలిచ్చే సాఫ్ట్‌వేర్) నిండు తీగ అనుకుని లెక్క కడుతుంది. మీ సందులు అక్కడివే.

అలాగని 8 మి.మీ. కోయకండి. 1.7 రంధ్రం వైశాల్యం 2.27. అంతకు మించిన రిబ్బను పెడితే నాజిల్ మూతి దగ్గర చిక్కుకుని చిరుగుతుంది, లేదా మోటారు ఆగిపోతుంది. 0.3 గోడకు 7.5 గరిష్ఠం, 7.2 నుంచి 7.4 మధ్య కోస్తే హాయిగా నడుస్తుంది. ప్రతి బాటిల్‌నూ మూడు చోట్ల కొలవండి, మెడ కిందా అడుగునా మందం వేరుగా ఉంటుంది, ఆ రెండూ కోసి పారేయాల్సిందే. తిన్నటి నడుం భాగంలో 25 గ్రాముల దాకా, అంటే ఎనిమిది మీటర్లు వస్తుంది. లీటరు నీళ్ల బాటిళ్ల జోలికి పోవద్దు. గోడ పల్చన, ఒంటి నిండా గాడులు.

లాగాక మీటరు ముక్క తూచండి. నిండుదైతే 3.3 గ్రాములు ఉండాలి. 3.3ను మీకు వచ్చిన బరువుతో భాగిస్తే వచ్చేదే స్లైసరులో పెట్టాల్సిన ఫ్లో (ప్లాస్టిక్ ఎంత వదలాలనే లెక్క). వెర్నియర్ కంటే ఈ తక్కెడ నిజం చెబుతుంది.

లాగే వేగం నిమిషానికి అర మీటరు దాటకూడదు. 10 సెం.మీ. వ్యాసం రీలుకు నిమిషానికి ఒకటిన్నర చుట్టు చాలు. తీగ పాలలా తెల్లబడి పెళుసుగా వస్తే వేడి ఎక్కువైంది లేదా నాజిల్‌లో ఎక్కువసేపు ఉంది, పెట్ (బాటిల్ ప్లాస్టిక్) అక్కడే స్ఫటికీకరణ చెందుతోంది. 5 డిగ్రీలు తగ్గించి, నాజిల్ బయట చిన్న ఫ్యాను పెట్టండి.

సిరొంచ_వైండింగ్:
చిటపట అంటే నీళ్లే. పెట్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది. మీదేమో సముద్రం పక్క ఊరు. కరిగే వేడిలో ఆ తడి ఆవిరైపోయి ఊరుకోదు, పాలిమర్ గొలుసులను తెంపుతుంది. తెగినవి మళ్లీ అతకవు, అయిపోయిన కండెను ఎంత ఆరబెట్టినా బలం రాదు. ఆరబెట్టడం ప్రింటుకు ముందే: 65 డిగ్రీల్లో ఆరు నుంచి ఎనిమిది గంటలు. 70 దాటనివ్వకండి, తీగ మెత్తబడి చుట్టలో ఒకదానికొకటి అతుక్కుంటుంది. ఎండలో పెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. మా సిరొంచలో మే నెల ఎండ కూడా 65 కాదు. ఆరిన చుట్టను సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో పెట్టి, అందులోంచే ప్రింటరుకు తీగ ఇవ్వండి. వానాకాలంలో రాత్రంతా బయట వదిలేస్తే మళ్లీ మొదటికే.

245 చాలదు. పెట్ కరిగేదే 250 అటూఇటూ. 260 పెట్టండి, బెడ్ 80, వేగం సెకనుకు 30 మి.మీ., ఫ్యాను ఆపేయండి లేదా 20 శాతం. తెల్ల ట్యూబు గురించి మీరు విన్నది నిజమే. అది పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్), ఆ వేడికి చెడిపోతూ హానికరమైన పొగ వదులుతుంది. ట్యూబు నాజిల్ దాకా దిగని పూర్తి లోహపు హాట్‌ఎండ్ వేయకుండా 260కి వెళ్లొద్దు. నాజిల్ 0.4 బదులు 0.6 పెడితే లేబుల్ జిగురు నలకలకు మూసుకుపోదు. ఆ జిగురును వేడి నీళ్లు, చాకలి సోడాతో ముందే కడగాలి. కాస్టిక్ సోడా మాత్రం వద్దు, వేడి మీద అది పెట్‌నే తినేస్తుంది.

మూతలు కలపకండి! అవి హెచ్‌డీపీఈ లేదా పీపీ అనే వేరే ప్లాస్టిక్కులు. పెట్‌తో కలవవు, ఉల్లిపాయ పొరల్లా ఊడొస్తాయి. పుణెలో ప్రోటోప్రింట్ వాళ్లు చెత్త ఏరేవాళ్ల సహకార సంఘం స్వచ్ఛ్‌తో కలిసి హెచ్‌డీపీఈ ఫిలమెంటు చేశారు కానీ ఆ పద్ధతి వేరు: ముక్కలు చేయడం, స్క్రూ ఎక్స్‌ట్రూడరు. హెచ్‌డీపీఈ చల్లారేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది కాబట్టి ప్రింటింగులో మూలలు లేస్తాయి. బస్తాడు మూతలకు అంత యంత్రం కొనడం దండగ. బయట గాలాడే చోట 180 డిగ్రీల్లో నొక్కి పలక చేసుకోండి. ముక్కల్లో ఏది ఏదో తేలకపోతే నీళ్లలో వేయండి: హెచ్‌డీపీఈ, పీపీ తేలతాయి, పెట్ మునుగుతుంది. పీవీసీ కూడా మునుగుతుంది, జాగ్రత్త. అడుగున 3 అంకె (పీవీసీ గుర్తు) ఉన్నదేదీ వేడి చేయకండి, ఆమ్లపు పొగ వస్తుంది.

బరంపురం_కండె:
పాత తీగ మీటరు 2.5 గ్రాములు తూగింది. లెక్క సరిగ్గా సరిపోయింది సార్! 7.3 కోసి లాగితే 3 గ్రాములు, ఫ్లో 110 శాతం పెట్టాం. లోహపు హాట్‌ఎండ్ వేసి, ఏడు గంటలు ఆరబెట్టి 260లో తీస్తే చిటపట పోయింది, సందులు మూసుకున్నాయి. నిలబెట్టి తీసిన కండె మాత్రం గట్టిగా వంచితే ఇంకా పొర దగ్గరే విరుగుతోంది. పైగా పట్టు పోగు ఒకచోట పట్టుకుంటోంది.

రాయగడ_లేతు:
నిలువు ప్రింటుకు ఆ బలహీనత ఎంత చేసినా కొంత ఉంటుంది. మధ్యలో 3.2 మి.మీ. రంధ్రం వదిలి 3 మి.మీ. ఇనుప చువ్వ దించండి, వంపు భారం చువ్వ మోస్తుంది. పోగు పట్టుకునేది సీమ్ (ప్రతి పొర మొదలై ముగిసే చోటు) దగ్గర. స్లైసరులో సీమ్‌ను ఒకే గీత మీదకు తెచ్చి, ఆ గీతను 400, తర్వాత 800 నంబరు నీటి కాగితంతో తడిపి రుద్దండి. కండె మొత్తం రుద్దే పని తప్పుతుంది. పట్టు చుట్టే ముందు దూది ఉండ తీసుకుని పైనుంచి కింది దాకా రాయండి. పీచు ఎక్కడ నిలిచిందో అక్కడే ఇంకోసారి కాగితం వేయాలి.