అప్‌డేట్: గెట్ టుగెదర్‌కు పోయొచ్చాను

పదో తరగతి బ్యాచ్ గెట్ టుగెదర్‌కు పోవాలా వద్దా, ఒకప్పుడు ఒకే బెంచీలో కూర్చున్న దోస్తు ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు అని అడిగాను కదా. చాలామంది పొమ్మన్నారు, పోయాను.

నాగార్జునసాగర్‌లో కలిశాం. బడిలో ఉన్నప్పుడు అందరిదీ నల్లగొండ జిల్లానే, 2016లో విడగొట్టాక ఒకడిది సూర్యాపేట, ఇంకొకడిది యాదాద్రి భువనగిరి, దాని మీద కాసేపు జోకులు. డ్యాం చూసి, బుద్ధవనంలో ఫొటోలు దిగి, భోజనాల దగ్గర కూర్చున్నాకే అసలు మాటలు మొదలయ్యాయి.

మావాడు వచ్చాడు. "ఏందిరా, మస్తు లావైనవ్" అన్నాడు, అంతే, నేను మనసులో తయారు చేసుకున్న ప్రశ్నలన్నీ ఎగిరిపోయాయి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా పని, వడ్ల సీజన్‌లో లారీలు దిగేదాకా రాత్రీ పగలూ అక్కడే, ఫోన్ చూసే తీరిక ఉండదట. నా మీద కోపం సంగతి అటుంచితే అసలు ఆ ఆలోచనే లేదట! నేనేమో ఇన్నేళ్లూ టెన్షన్ పడుతూ కూర్చున్నాను.

పాత దోస్తీ మళ్లీ వచ్చిందా అంటే, రాలేదు. బడి కబుర్లు గంటలో అయిపోయాయి, తర్వాత పిల్లల ఫీజులు, వడ్ల రేటు. వాడికి ఇప్పుడు దగ్గరి మనిషి మిల్లులో పక్క కుర్చీ ఆయనే. బాధ లేదు కానీ కొంచెం అసూయ ఉంది. గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫొటోలు మళ్లీ మొదలయ్యాయి, మ్యూట్ చేశాను. వాడికి మాత్రం యాసంగి కోతలయ్యాక ఫోన్ చేస్తానన్నాను, రాత్రి తొమ్మిది తర్వాతే చెయ్యమన్నాడు.