మా డాబా మీద సోలార్ పెడితే సింహాద్రిలో బొగ్గు తగ్గుతుందా?

ప్రశ్న – లంకెలపాలెం టైలర్

అందరికీ నమస్కారం. మాది లంకెలపాలెం. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. రెండు మోటారు మిషన్లు, ఇస్త్రీ పెట్టె పగలంతా నడుస్తూనే ఉంటాయి. మా వీధిలో ఎక్కువ బిల్లు నాదే. పైగా ఆ బిల్లులో సర్దుబాటు ఛార్జీ అని ఇంకో గీత. మొన్న సోలార్ పెట్టే కుర్రాడొకడు వచ్చి డాబా కొలిచి వెళ్లాడు. సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకి 60 వేలు, 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ అన్నాడు. బిల్లు తగ్గుతుందన్న సంగతి నాకు అర్థమైంది. నేను అడిగేది దాని గురించి కాదు.

వెళ్తూ వెళ్తూ ఆ అబ్బాయి "మీరు భూమిని కాపాడినట్టేనమ్మా" అన్నాడు. మా డాబా ఎక్కితే పరవాడ వైపు సింహాద్రి పొగగొట్టాలు కనిపిస్తాయి. అది బొగ్గుతో కరెంటు తీసే 2,000 మెగావాట్ల స్టేషన్. దాని ముందు నా మూడు కిలోవాట్లు ఎంత? నేను పెట్టినా మానేసినా అది మండుతూనే ఉంటుంది కదా! మా ఆయన "బిల్లు తగ్గితే చాలు, నీకెందుకే ఈ లెక్కలన్నీ" అంటారు. నాకు కావాలండీ. భూమి పేరు చెప్పి నాకు అమ్ముతున్నప్పుడు ఆ మాటలో నిజమెంతో తెలుసుకోవాలి కదా. అక్కడ ఒక్క కేజీ బొగ్గయినా తగ్గుతుందా, లేదా? తెలిసినవాళ్లు చెప్పండి. ఆ పార్టీ, ఈ పార్టీ అని మాత్రం మొదలుపెట్టకండి, వాటికి మా వాట్సాప్ గ్రూపులున్నాయి.

జవాబు – పాత షిఫ్టు ఇంజనీరు

అమ్మా, థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములోనే నా జుట్టు నెరిసింది. ఏ స్టేషనో అడక్కండి. బొగ్గు తగ్గుతుంది. సింహాద్రిలోనే తగ్గుతుందని మాత్రం ఎవరూ రాసివ్వలేరు.

మీ ప్యానెళ్ల కరెంటు ముందు మీ మిషన్లకి వెళ్తుంది. మిగిలింది అదే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న పక్కింటి ఫ్రిజ్‌కి వెళ్తుంది. అంతమేర పైనుంచి లాగే కరెంటు తగ్గుతుంది. ఏ స్టేషన్ ఎంత కరెంటివ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో కూర్చున్నవాళ్లకి మీ డాబా కనపడదు, మధ్యాహ్నం డిమాండ్ తగ్గడం కనపడుతుంది. అప్పుడు వాళ్లు ఖరీదైన స్టేషన్లని ముందు తగ్గించమంటారు. సోలార్, గాలి కరెంటుని మామూలుగా తగ్గించరు, వచ్చినంతా తీసుకోవాలన్నది రూలు. గని పక్కనే ఉన్న స్టేషన్ కన్నా రైల్లో బొగ్గు తెప్పించుకునే స్టేషన్‌కి ఖర్చు ఎక్కువ. సింహాద్రికి బొగ్గు ఒడిశాలోని తాల్చేరు నుంచి వస్తుంది. కాబట్టి తగ్గించమనే పిలుపు అక్కడికీ వస్తుంది. కానీ 2013 చివర్లో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసిపోయింది. మీ వల్ల తగ్గే బొగ్గు ఇంకే రాష్ట్రంలోదో కూడా కావచ్చు.

ఇప్పుడు లెక్క. 500 మెగావాట్ల యంత్రం ఒకటి రోజంతా ఫుల్ లోడ్ మీద తిరిగితే కోటీ 20 లక్షల యూనిట్లు. మీ 3 కిలోవాట్లు సగటున రోజుకి 12 యూనిట్లిస్తాయి. ఆ ఒక్క యంత్రానికి సరిపడాలంటే మీలాంటి డాబాలు 10 లక్షలు కావాలి. సింహాద్రిలో అలాంటివి నాలుగున్నాయి. సూర్యఘర్ కింద కేంద్రం పెట్టుకున్న లక్ష్యం కోటి ఇళ్లు. అన్నీ 3 కిలోవాట్లే అనుకుంటే పది యంత్రాల పని. మీ ఒక్క డాబా వరకు చూస్తే, యూనిట్‌కి ఇంచుమించు 700 గ్రాముల బొగ్గు చొప్పున రోజుకి ఎనిమిది కేజీల పైమాటే. మీరు ఒక్క కేజీ అడిగారు.

అయితే ఆ కుర్రాడు చెప్పని సంగతి ఒకటుంది. బొగ్గు యంత్రాన్ని మధ్యాహ్నం ఆపేసి సాయంత్రం మళ్లీ స్విచ్ వేయడం కుదరదు. బాయిలర్ చల్లారితే మళ్లీ అందుకోవడానికి గంటలు పడుతుంది, దానికి ఆయిల్ కాల్చాలి. అందుకే ఆపకుండా 55 శాతం దాకా దించి నడుపుతారు. 500 యంత్రం 275 దగ్గర మూలుగుతూ ఉంటుందన్నమాట. అలా తక్కువ లోడ్ మీద నడిస్తే ఒక్కో యూనిట్‌కి బొగ్గు కొంచెం ఎక్కువే తింటుంది. పైన చెప్పిన ఎనిమిది కేజీల్లోంచి ఆ కాస్తా తీసేయండి.

అసలు పేచీ సాయంత్రంతో. డిసెంబర్లో విశాఖలో ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. లైట్లు, టీవీలు, వంటింట్లో మిక్సీలు అప్పుడే మొదలు. మన సోలార్ సున్నా. గుజరాత్ కచ్‌లో మాత్రం ఇంచుమించు ఇంకో ముప్పావుగంట ఎండ ఉంటుంది, ఒకే గ్రిడ్ కాబట్టి అది కొంత ఆదుకుంటుంది. ఆ తర్వాత బొగ్గు, నీళ్లే. దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం 460 మెగావాట్లు సాయంత్రాలు ఎంత విలువో మా కాలం వాళ్లనడగండి! సోలార్ కరెంటుతో మధ్యాహ్నం నీటిని పైకి తోడి రాత్రి వదిలే పంప్డ్ స్టోరేజీ అందుకే. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్లది జెన్‌కో తలపెట్టింది. అలాంటివి, బ్యాటరీలు వచ్చేదాకా మీ సోలార్ బొగ్గుకి పగటిపూట పస్తు మాత్రమే పెట్టగలదు.

మీ పని ఎక్కువ పగటిపూటే కాబట్టి మీ ఇంటికి ఇది బాగా నప్పుతుంది. రాత్రిపూట ఏసీ వేసుకునే ఇంటికి ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు.

జవాబు – అచ్యుతాపురం కుర్రోడు

ఇంజనీరు గారి లెక్క ఒప్పుకుంటాను సార్. కానీ మా పక్కనే పూడిమడకలో 2025 జనవరిలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి (సోలార్, గాలి కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసే చోటు) ప్రధాని శంకుస్థాపన చేశారు. దానికోసం 20 గిగావాట్ల సోలార్, గాలి కరెంటు అన్నారు. ఆ కరెంటంతా హైడ్రోజన్‌కి, ఎగుమతికి పోతే అక్క మిషన్‌కి వచ్చే కరెంటులో బొగ్గు వాటా ఎలా తగ్గుతుంది? "గ్రీన్" అన్న బోర్డు చూసి సంబరపడే ముందు ఇది అడగాలి. ఉద్యోగాలొస్తే నేనే ముందు అప్లై చేస్తాను, అది వేరే సంగతి.

పంప్డ్ స్టోరేజీ కూడా కాగితం మీద బాగుంటుంది. మన్యంలో ఆ ప్రాజెక్టులు వద్దని గిరిజనులు ఆందోళనలు చేస్తున్నారు. కొండ వాళ్లది, నీళ్లు వాళ్లవి, సాయంత్రం లైట్లు మనవి.

జవాబు – సీతమ్మధార

అమెరికా వాడు ఏడాదికి తలకి ఇంచుమించు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటే మనం 2 టన్నులు. ముందు వాళ్లని మానమనండి. మనకెందుకీ టెన్షన్?

జవాబు – పాత షిఫ్టు ఇంజనీరు

న్యాయం మీవైపే ఉంది మాస్టారూ. అందుకే 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మనవాళ్లు నెట్ జీరోకి, అంటే వదిలే కార్బన్, పీల్చుకునే కార్బన్ సరిసమానం కావడానికి, 2070 దాకా గడువు తీసుకున్నారు. కానీ ఈవిడ అడిగింది అమెరికా గురించి కాదు. పైగా ఇప్పుడు కొత్తగా కట్టే సోలార్ పగటి కరెంటు కొత్త బొగ్గు కరెంటు కన్నా చవక. సింహాద్రి రిజర్వాయర్ మీదే 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు. బొగ్గు మండించేవాళ్లే పెట్టుకుంటుంటే మనకేం బెట్టు?

అచ్యుతాపురం బాబూ, నీ ప్రశ్న సరైనది. కొత్త సోలార్ కొత్త అవసరాలకే సరిపోతే పాత బొగ్గు అలాగే ఉంటుంది. మన్యం సంగతి నాకూ ఇబ్బందిగానే ఉంది. ఊళ్లో డాబాలు నిండితే కొండల మీద ఒత్తిడి కొంతైనా తగ్గుతుందని నా ఆశ, రుజువు అడక్కు.

జవాబు – హుద్‌హుద్ చూసినోణ్ని

అక్కా, విధానాలు తర్వాత. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి ఈ ఊళ్లో రేకులు ఎలా లేచిపోయాయో గుర్తుందిగా? ప్యానెల్ కింద ఫ్రేము గట్టిది కాకపోతే అది పక్కింటి వాళ్ల నెత్తిన పడుతుంది. ఉప్పుగాలికి మామూలు ఇనుము ఆగదు, హాట్ డిప్ గాల్వనైజింగ్ చేసినదే, అంటే కరిగించిన జింకులో ముంచి పూత వేసినదే అడగండి. ఇంకోటి, బ్యాటరీ లేని సోలార్ కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. లైన్‌మ్యాన్‌కి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ దానంతటదే ఆపేస్తుంది. తుఫాను తర్వాత మన ఇంట్లో ఒక్కటే లైటు వెలుగుతుందని ఆశ పెట్టుకోవద్దు.

లంకెలపాలెం టైలర్

అందరికీ థాంక్స్. ఇంజనీరు గారూ, ఎనిమిది కేజీల లెక్క మా ఆయనకి చదివి వినిపించాను. "అయితే పెట్టించు" అన్నారు గానీ ఫోన్లోంచి తల ఎత్తలేదు. వాటర్ ట్యాంకు నీడ, పక్కవాళ్ల కొబ్బరిచెట్టు నీడ పోగా 2 కిలోవాట్లకే చోటుంది. ఇస్త్రీ, నీళ్ల మోటారు మధ్యాహ్నానికి మార్చేస్తాను. పెళ్లిళ్ల సీజన్లో మాత్రం రాత్రి కుట్టక తప్పదు, అప్పుడు బొగ్గే గతి. కరెంటు పోతే ఇదీ పోతుందని ఆ కుర్రాడు ఒక్క ముక్క చెప్పలేదు చూడండి! రేపు కొటేషన్ పట్టుకొస్తానన్నాడు. ఫ్రేము గురించి అందులో ఏం రాసి ఉండాలో, గాలి ఎంత వేగానికి తట్టుకోవాలో ఎవరైనా పెట్టించుకున్నవాళ్లు చెప్తారా?